కట్ లేని పాట

మొన్న టోలిచౌకిలో మా మాస్టర్ కనిపించారు. పోయి ఏడాది దాటిన మనిషి కనిపించడమేమిటని కంగారు పడకండి. సినిమాల్లో పనిచేసినవాళ్ళతో ఇదొక సుఖం. వాళ్ళు పోయాక కూడా ఎక్కడో ఒకచోట టీవీలో గంతులేస్తూనే ఉంటారు. నేను చాయ్ తాగుదామని ఒక హోటల్లో కూర్చున్నాను. గోడకున్న టీవీలో ఏదో పాత పాట చప్పుడు లేకుండా నడుస్తోంది. హీరోయిన్ వెనకాల బిందెలు పట్టుకున్న అమ్మాయిల గుంపు. రెండో వరసలో ఎడమ చివర మా మాస్టర్! ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, నడుం చీపురుపుల్లంత. కానీ గడ్డం పైకెత్తే ఆ పొగరు మాత్రం ఆవిడదే, ఇంకెవరికీ రాదు. "మాస్టర్!" అని అరిచేశాను. పక్క బల్ల దగ్గరాయన అదిరిపడి బిస్కట్టు చాయ్‌లో పడేసుకుని నా వంక గుర్రుగా చూశాడు. ఆయనకి సారీ చెప్పి మళ్ళీ టీవీ వైపు తిరిగేసరికి తెర నిండా హీరోయిన్ కళ్ళే. పాట అయ్యేదాకా చూశాను. మళ్ళీ రాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. హీరోయిన్ మీద కాదు పాపం, ఆ ఎడిటరెవరో వాడి మీద.

మాస్టర్ అంటే మగవాడనుకునేరు. ఆడమనిషే. సినిమావాళ్ళ లోకంలో డాన్సు నేర్పేవాళ్ళు చీర కట్టినా పంచె కట్టినా మాస్టరే. రాజమండ్రి వైపు నుంచి చిన్నప్పుడే మద్రాసు వెళ్ళారు, గ్రూపు డాన్సరుగా చేశారు, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చి పెద్ద మాస్టర్ల దగ్గర అసిస్టెంటుగా ఉన్నారు. ఇంతకు మించి ఆవిడ కథ నాకు తెలియదు. అడిగితే "అవన్నీ ఎందుకే, కాఫీ చల్లారిపోతోంది" అనేవారు. పేరు కూడా రాయను. అన్ని సినిమాల్లో ఒక్కదాని టైటిల్స్‌లోనూ పడని పేరు ఇప్పుడు నేను వేస్తే, పైనుంచి "ఎందుకే నీకీ దండగమారి పని" అని తిడతారు.

తిట్టడంలో ఆవిడకి సాటి లేరు. పొద్దున్న ఏడింటికి తన డాన్సు హాలు తలుపు తీసేసరికే పెదాలకి ఎర్రరంగు, తలలో మూర మల్లెపూలు, నుదుట రూపాయంత బొట్టు. "ఇంత పొద్దున్నే ఎవరు చూస్తరు మాస్టర్?" అని ఒకసారి నవ్వాను. "లైటు ఎప్పుడు వెలుగుతుందో ఎవడికి తెలుసే? వెలిగాక సింగారించుకుంటానంటే ఎవరూ ఆగరు" అన్నారు. పంజాబీ డ్రస్సు మీద చున్నీని నడుం చుట్టూ బిగించి కట్టేవారు. మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కితే టకటకమని చప్పుడొచ్చేది. దానికీ ఆవిడ సిగ్గుపడలేదు. "విన్నావా, తాళం తప్పట్లేదు" అనేవారు.

ఎవరైనా ఫోటో తీస్తామంటే చాలు, ఆవిడ కాళ్ళు వాటంతటవే నడుచుకుంటూ వెనక వరసలోకి వెళ్ళిపోయేవి. తన హాల్లో, తను చేసిన దసరా పూజ ఫోటోలో కూడా ఆవిడ వెనకే. ముందుకు రమ్మంటే "ఇక్కడ బానే పడతాను, నువ్వు కానీ" అని కసిరేవారు. గ్రూపులో చేరడానికి వచ్చే అమ్మాయిలకి మొదటి రోజు చెప్పే మాట ఒకటుండేది. "వెనక నిలబడేవాళ్ళు బాగా చేయకూడదే. సరిగ్గా చేయాలి. బాగా చేశావో, మర్నాడు నిన్ను పిలవరు." ఈ మాట చెబుతూ నవ్వేవారు. వినేవాళ్ళకి మాత్రం నవ్వు వచ్చేది కాదు.

నేను గ్రూపు డాన్సరుని కాదు. మాది రహమత్ నగర్. మా అమ్మకి అక్కడ కుట్టు కొట్టు ఉంది. పాటల షూటింగులకి గ్రూపు డ్రస్సులన్నీ అమ్మే కుట్టేది. ఒకసారి జూబ్లీహిల్స్‌లో బ్యాలే అనే విదేశీ నాట్యం నేర్పే ఒక మిస్ పిల్లల గౌన్లు కుట్టమని పిలిచింది. అమ్మ కొలతలు తీసుకుంటుంటే ఏడేళ్ళ నేను తలుపు దగ్గర నిలబడి ఆ పిల్లలు చేసినట్టల్లా చేశానట. మిస్ చూసి, "ఈ పాపని పంపించండి, ఫీజు వద్దు" అంది. అలా పదేళ్ళు నేర్చుకున్నాను. వేళ్ళ చివర నిలబడే శాటిన్ చెప్పులు కూడా వేయించింది మిస్. ఆ పిచ్చి పట్టినవాళ్ళకే తెలుస్తుంది అదేమిటో. గోళ్ళు నల్లబడి ఊడిపోతున్నా, మర్నాడు మళ్ళీ అవే చెప్పులు వేసుకోవాలనిపిస్తుంది.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా మిస్ భర్తకి వేరే దేశంలో ఉద్యోగం వచ్చింది. క్లాసు మూసేసింది. వెళ్తూ వెళ్తూ నాకొక దారి చెప్పింది. బొంబాయిలో ఎండాకాలంలో ఒక పెద్ద బ్యాలే శిబిరం జరుగుతుంది, విదేశాల నుంచి టీచర్లు వస్తారు, అక్కడ నచ్చినవాళ్ళని ఏడాది పొడుగునా నేర్పే స్కూల్లోకి తీసుకుంటారు. దానికి ముందు ఆడిషన్. మనం చేసింది వీడియో తీసి పంపాలి. పదిహేడేళ్ళు దాటితే తీసుకోరు. నాకప్పుడు సరిగ్గా పదిహేడు నడుస్తోంది. అంటే అదే మొదటిసారి, అదే ఆఖరిసారి. అది తప్పితే హైదరాబాదులో నాకు ఇంకా పైకి నేర్పేవాళ్ళు లేరు.

అమ్మ అడ్డం చెప్పలేదు. కానీ కుట్టు మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే మాట తెంచేసింది. "ఒక్కపారి సూడు బిడ్డా. అయితే మంచిది. కాకుంటే ఊకె ఆశ పెట్టుకోకు, పానం ఖరాబైతది. డిగ్రీల జేరి నాతోని కొట్ల కూసో." అమ్మ మాట కోపంగా ఉండదు, గట్టిగా ఉంటుంది. నేను సరేనన్నాను. మరి సాధన ఎక్కడ చేయాలి? మా ఇంట్లో చెయ్యి చాపితే బీరువా, కాలు చాపితే గ్యాస్ బండ. అందుకే అమ్మ నన్ను ఫిల్మ్‌నగర్‌లో మాస్టర్ హాలుకి తీసుకుపోయింది. కింద కిరాణా కొట్టు, పైన హాలు. మెట్లు సగం ఎక్కేదాకా ఉల్లిపాయల వాసన, ఆ తర్వాత మల్లెపూల వాసన.

"మాస్టర్, నా బిడ్డకు జర జాగ గావాలె. పొద్దుగాల ఎవ్వరు లేనప్పుడు చేసుకుంటది" అంది అమ్మ.

"ఏం డాన్సు?"

"బ్యాలే అంట."

"బ్యాలేనా! మద్రాసులో బోలెడు చేశాను. దశావతారాల బ్యాలేలో చేప నేనే" అన్నారు మాస్టర్, గడ్డం ఎత్తి.

ఇది ఆ నృత్యనాటకాల బ్యాలే కాదని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ నా మోచేతి మీద గిల్లింది. సరేలెమ్మని సంచీలోంచి శాటిన్ చెప్పులు తీసి, రిబ్బన్లు కట్టుకుని, వేళ్ళ చివర లేచి నిలబడ్డాను. మాస్టర్ కుర్చీలోంచి లేచి వచ్చి, నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వంగి చెప్పుల ముక్కు తట్టి చూశారు.

"ఇవి చెప్పులా, శిక్షా? కోడిపెట్ట కూడా ఇంత ఇరుకు మీద నిలబడదే" అన్నారు. అమ్మ వైపు తిరిగి, "పంపించు. దీని సంగతి నేను చూస్తాను" అన్నారు.

చూశారు మరి. నేను అడిగింది ఖాళీ హాలు, ఆవిడ ఇచ్చింది పర్యవేక్షణ. నాకు పట్టుకుని సాధన చేయడానికి కమ్మీ కావాలంటే, అమ్మ కొట్లో డ్రస్సులు వేలాడదీసే ఇనప స్టాండు పైకి మోయించారు. తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి దానికి ఎదురుగా వేసుకున్నారు. ఇక రోజూ వాయింపు. "ఏంటే ఆ మొహం, ఇంట్లో ఎవరైనా పోయారా? నవ్వు!" బ్యాలేలో కమ్మీ దగ్గర నవ్వక్కర్లేదు మాస్టర్ అంటే, "అక్కర్లేకపోతే నవ్వు నేరమా?" అనేవారు. నేను చెయ్యి గుండ్రంగా చాపితే, "ఆ చేతిలో ఏం లేదే, ఉత్త చెయ్యి. ఎవరికైనా ఏదైనా ఇస్తున్నట్టు చాపు" అనేవారు. బ్యాలే గురించి ఆవిడకి ఓనమాలు తెలియవు. తెలియదన్న సంగతి ఆవిడని ఒక్క నిమిషం కూడా ఆపలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఆ వాయింపు నచ్చేది. మిస్ మెత్తటి మనిషి, తప్పు చేస్తే "మళ్ళీ ఒకసారి" అని ఊరుకునేది. మాస్టర్ అలా వదిలే రకం కాదు. నేను ఆడిషన్‌కి ఒక చిన్న సోలో నాట్యం కూడా చేసి పంపాలి. దాన్ని ఆవిడ మొదటి వారంలోనే ముక్కలు చేసి పడేశారు. సినిమాలో పాట అలాగే చేస్తారు. నాలుగు అడుగుల ముక్క, దానికి బిట్ అని పేరు. ఆ బిట్ వందసార్లు చేయించి, అది నున్నగా వచ్చాక "కట్! ఓకే, నెక్స్ట్ బిట్" అంటారు. మాస్టర్ నాకూ అదే పద్ధతి పెట్టారు. గెంతు ఒక బిట్, ఒంటికాలి మీద గిర్రున తిరగడం ఒక బిట్, ఆఖర్న మోకాలి మీద వాలడం ఒక బిట్. ప్రతి ముక్కా అద్దంలో చూసుకుంటే నాకే ముద్దొచ్చేది. నా అంత గొప్పగా చేసేవాళ్ళు ఈ ఫిల్మ్‌నగర్ కొండల మీద లేరని తీర్మానించుకున్నాను. మాస్టర్ కూడా అదే అనేవారు కాబట్టి ఇక అనుమానమే లేదు.

వీడియో తీసే రోజు రానే వచ్చింది. ఫోనులో ఎలాగోలా తీసుకుంటానంటే మాస్టర్ మండిపడ్డారు. "ఫోనా? ఫిల్మ్‌నగర్‌లో పుట్టిన వీడియో ఫోనులో తీస్తారుటే? నవ్విపోతారు." తనతో పాటు మద్రాసులో పనిచేసిన ఒక కెమెరామన్ బాబాయిని పిలిపించారు. ఆయన రిటైరై మోకాళ్ళకి నూనె రాసుకుంటూ కూర్చున్న మనిషి, పిలుపు రాగానే టోపీ పెట్టుకుని వచ్చేశాడు. అమ్మ కూడా తక్కువ తినలేదు. నల్ల డ్రస్సు సాదాగా ఉండాలని రాశారే అని నేను మొత్తుకుంటున్నా, మెడ చుట్టూ చమ్కీలు కుట్టి తెచ్చింది. "గింత బోసిగుంటే ఎట్ల గనబడతవ్?" అంది.

నేను బొంబాయి వాళ్ళు పంపిన కాగితం తీసి చదివాను. వెనక ఖాళీ గోడ ఉండాలి, జుట్టు ముడి వేసుకోవాలి, తల నుంచి పాదాల దాకా కనపడాలి, ఎక్కడా అతకకూడదు.

"జుట్టు ముడేస్తే ఫ్యానుకి ఏం ఎగురుతుందే?" అన్నారు మాస్టర్.

"ఎగరొద్దు మాస్టర్."

"వాళ్ళకేం తెలుసమ్మా" అన్నాడు బాబాయి, కెమెరా బిగిస్తూ. "వాళ్ళకి రోజూ ఖాళీ గోడలే వస్తుంటాయి. మన దగ్గర్నుంచి పాట వెళ్ళాలి."

ఇద్దరు సినిమావాళ్ళు ఒక మాట మీదకి వచ్చాక ఇక ఎవరి మాటా చెల్లదు. పొగ మెషీన్ దొరకలేదని సాంబ్రాణి వేశారు. హాలంతా పూజగదిలా అయిపోయింది, నాకు దగ్గు ఒకటే దగ్గు. టేబుల్ ఫ్యాను పెట్టారు. గెంతుని కింద పడుకుని తీశాడు బాబాయి, తిరగడాన్ని స్టూలెక్కి తీశాడు, చేతులు విడిగా, మెడ విడిగా, కళ్ళు విడిగా. ముక్క ముక్కకీ మాస్టర్ "కట్! అబ్బ, చంపేశావే!" అని చప్పట్లు. ముక్కలన్నీ కూర్చి చూస్తే, నా మీద ఒట్టు, అద్భుతంగా ఉంది. అది నేనేనా అనిపించింది. అమ్మ కళ్ళొత్తుకుంది. అందరం పెసరట్లు తెప్పించుకుని తిని, పంపేశాం.

జవాబు రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. మీ వీడియో చాలా అందంగా ఉంది, కానీ మీ పాదాలు సరిగ్గా కనపడలేదు, నాట్యం ముక్కలుగా ఉంది కాబట్టి చూసి నిర్ణయం చెప్పలేం, శుక్రవారంలోగా అతుకుల్లేకుండా ఒకే వరసలో తీసి పంపితే పరిశీలిస్తాం అని రాశారు. బస్సెక్కి ఫిల్మ్‌నగర్ వెళ్ళి మాస్టర్‌కి తెలుగులో చెప్పాను.

"అందంగా ఉందన్నారుగా?" అన్నారు ముందు.

"పాదాలు కనబడలేదన్నరు మాస్టర్."

"పాదాల్లో చూసేదేముందే, అందరికీ రెండే!" అని కాసేపు చిందులు తొక్కారు. బాబాయిని తిట్టారు, బొంబాయిని తిట్టారు, నన్నూ ముందే గట్టిగా చెప్పలేదని తిట్టారు. తిట్లు అయిపోయాక నా మొహం చూసి, "సరే ఏడవకు. ఒకే వరసలో అంటే ఒకే వరసలో. అదెంత పని? అన్ని బిట్లూ వచ్చుగా నీకు. లే" అన్నారు.

ఫోను కిటికీలో నిలబెట్టి పాట పెట్టారు. మొదలుపెట్టాను. గెంతు బాగా వచ్చింది. గెంతు అయిపోగానే ఆగిపోయాను. ఎందుకు ఆగానో తెలియదు, పాట వెళ్ళిపోతోంది, నేను బొమ్మలా నిలబడి ఉన్నాను. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి గెంతు దాటి గిర్రున తిరిగాను, తిరిగి మళ్ళీ ఆగాను. మళ్ళీ. మళ్ళీ. ముక్క అయిపోయిన చోటల్లా కాళ్ళు బ్రేకు వేసినట్టు నిలబడిపోతున్నాయి. నాలుగు నెలలుగా అక్కడ ఆగడమే నేర్చుకున్నాను మరి. బయట ఎండెక్కింది. మర్నాడూ అదే వరస. శుక్రవారానికి ఇంక ఒక్క రోజే ఉంది.

"ఎందుకే ఆగుతున్నావ్?" అన్నారు మాస్టర్.

"తెల్వదు మాస్టర్. కాళ్ళే ఆగిపోతున్నయ్."

"నేను కట్ అన్లేదుగా?"

"మీరు అనకున్నా వినబడుతుంది మాస్టర్."

అనేసి భయపడ్డాను. మాస్టర్ తిట్టలేదు. కుర్చీలో కూర్చుండిపోయారు. చున్నీ విప్పి మొహం తుడుచుకుంటే పెదాల రంగు చెదిరింది, దాన్నీ పట్టించుకోలేదు. ఆవిడని అలా ఎప్పుడూ చూడలేదు నేను.

"నాకూ వినపడుతుందే" అన్నారు. "నా జన్మలో ఒక్క పాట మొదట్నుంచి చివరిదాకా ఆడలేదు నేను. ఒక్కటంటే ఒక్కటి. పొద్దున్న నాలుగు అడుగులు, సాయంత్రం ఇంకో నాలుగు. మర్నాడు చివరి ముక్క, ఆ మర్నాడు మొదటి ముక్క. పాటంటే అదేననుకున్నాను. నీకూ అదే నేర్పాను."

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. జాలి కూడా కాదు. పోయి ఆవిడ మోకాలి దగ్గర నేల మీద కూర్చున్నాను.

ఒక్క నిమిషం అలా ఉన్నారేమో, అంతే. లేచి నిలబడి చున్నీ మళ్ళీ బిగించారు. "రేపు పొద్దున్న తీద్దాం. ఈ హాల్లో రేపు కట్ అనే మాట లేదు. తప్పు చేస్తే చెయ్, పడితే పడు, పడిన చోటు నుంచే లేచి చెయ్. ఆగావో, నీ కాళ్ళు విరగ్గొడతాను" అన్నారు. ఆ సాయంత్రం అంతా నన్ను నడిపించారు, హాలు ఈ చివర నుంచి ఆ చివరికి. నాట్యం చేయనివ్వలేదు. పాట మొత్తం మోగుతుంటే ఊరికే నడవడం, ఎక్కడా ఆగకుండా. పాట ఆగితేనే నేను ఆగాలి. నాతో పాటు ఆవిడా నడిచారు, మోకాళ్ళు టకటకలాడించుకుంటూ.

శుక్రవారం పొద్దున్న జుట్టు ముడి వేశాను. అమ్మ చమ్కీలు విప్పేసి సాదా చేసిన డ్రస్సు ఇచ్చి పంపింది. వెనక ఖాళీ గోడ. మాస్టర్ ఫోను పక్కన నిలబడ్డారు. నోరు జారుతుందేమోనని చున్నీ చివర పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నారు. పాట మొదలైంది. గెంతాను. ఆగాల్సిన చోటు వచ్చింది, కాళ్ళు ఒక్క క్షణం తటపటాయించాయి, దాటేశాను. లోపల ఒకటే సంబరం. ఆ సంబరమే కొంప ముంచింది. గిర్రున తిరిగేటప్పుడు బరువు పక్కకి ఒరిగి, పూర్తిగా తిరగకముందే రెండో కాలు దబ్బుమని నేల మీద పడింది. మామూలుగా అయితే అక్కడ "కట్! మళ్ళీ" వస్తుంది. నేను మాస్టర్ వైపు చూశాను. అలా చూడటం కూడా వీడియోలో ఉంది. మాస్టర్ నా మొహం చూడకుండా గోడ వైపు తిరిగిపోయారు.

ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు. కాలు సర్దుకుని పాట అందుకున్నాను. అక్కణ్ణుంచి చివరిదాకా ఏం చేశానో నాకు ముక్కలుగా గుర్తు లేదు. ఎవరికో ఏదో ఇవ్వడానికి వెళ్తున్నట్టు వెళ్ళాను, ఇచ్చేశాను, మోకాలి మీద వాలాను. పాట అయిపోయింది. హాల్లో కింద కొట్టువాడు బియ్యం కొలుస్తున్న చప్పుడు ఒక్కటే.

"తిరిగేటప్పుడు కాలు పడిపోయింది మాస్టర్. ఇంకోసారి తీద్దామా?" అన్నాను, ఆయాసపడుతూ.

మాస్టర్ నోట్లోంచి చున్నీ తీసి, "నోర్ముయ్. ఇదే పంపు" అన్నారు.

పంపాను. కాలు పడిపోయిన వీడియోనే పంపాను. ఆ తర్వాత కొన్ని వారాలు మా ఇంట్లో ఎవరూ బొంబాయి మాట ఎత్తలేదు. అమ్మ డిగ్రీ కాలేజీల గురించి వాకబు చేయడం మొదలుపెట్టింది. నేను మాత్రం రోజూ హాలుకి పోయేదాన్ని, మాస్టర్ రోజూ తిట్టేవారు. ఇద్దరం ఏమీ జరగనట్టే ఉన్నాం.

మెయిల్ వచ్చినప్పుడు నేను అమ్మ కొట్లో గుండీలు కుడుతున్నాను. చదివి అమ్మకి చెబితే అమ్మ మిషన్ ఆపి, రెండు చేతులతో నా మొహం పట్టుకుని, "నిజమా బిడ్డా? ఇంకోపారి సదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. శిబిరంలో సీటిచ్చారు, ఫీజు మాఫీ చేశారు. "పో, మాస్టర్‌కు జెప్పిరా పో" అని తనే ఆటో ఎక్కించింది.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. "మాస్టర్, తీసుకున్నరు!" అని తలుపు దగ్గర్నుంచే అరిచాను. మాస్టర్ గబగబా కిటికీ దగ్గరికి వెళ్ళి కింద కిరాణా కొట్టువాడికి వినపడేలా, "ఏమయ్యోయ్, మా పిల్ల బొంబాయి వెళ్తోందయ్యా! పొద్దున్నించీ నా హాలు కింద కూర్చుంటావు, నీకేం తెలుసు!" అని కేకేశారు. పాపం అతను ఏం అడిగాడని? తర్వాత నన్ను దగ్గరకి లాక్కుని నెత్తి మీద ముద్దు పెట్టారు. మల్లెపూలు నా ముక్కుకి రాసుకున్నాయి. ఏడుపు వచ్చేసింది నాకు, ఆపుకోలేదు.

ఆ తర్వాత మాస్టర్ వెళ్ళి తలుపు గడియ వేశారు.

"ఆ ఫోనులో నేను చెప్పే పాట పెట్టు" అన్నారు.

అది పాత పాట, పేరెందుకు లెండి. "పల్లవి ఊటీలో తీశారు. ఒక చరణం మద్రాసులో సెట్టేసి తీశారు. మధ్యలో నాకు జ్వరం వస్తే నా లంగా ఇంకో పిల్లకి కట్టి నిలబెట్టారు. ఎవరూ కనిపెట్టలేదులే" అన్నారు, చున్నీ బిగించుకుంటూ. "ఎక్కడా ఆపకు."

హాలు మధ్యలో నిలబడ్డారు. పాట మొదలైంది. నేను చూసిన సినిమాల్లో ఆవిడ ఎక్కడో చివర, సరిగ్గా చేస్తూ ఉండేవారు. ఆ రోజు బాగా చేశారు. అబ్బ, ఎంత బాగా చేశారో! మెడ తిప్పితే మెడ, కన్ను ఎత్తితే కన్ను, ఏదీ తక్కువ కాదు. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణంలో వంగి లేచే చోట మోకాలు పట్టేసింది. నొప్పికి మొహం వంకరపోయింది. చెయ్యెత్తి నా వైపు చూశారు, ఆపమని.

"పాట అయిపోలే మాస్టర్" అన్నాను.

ప్లాస్టిక్ కుర్చీ జరిపి ఆవిడ వెనక పెట్టాను. కూలబడ్డారు. ఒక్క గుక్క ఊపిరి తీసుకుని, తప్పిన తాళాన్ని చెయ్యి విసిరి అందుకున్నారు. కూర్చునే ఆడారు, చేతులతో, భుజాలతో, కళ్ళతో, పాదాల చివరలతో నేలని తడుతూ. పల్లవి మళ్ళీ వచ్చింది. ఆఖరి మోత మోగి పాట ఆగిపోయింది. మాస్టర్ కుడి చెయ్యి పైకెత్తి అలాగే ఉంచారు. ఎవరో కట్ చెప్పాలని ఎదురుచూస్తున్నట్టు ఉంచారు.

"అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయింది మాస్టర్."

"మొత్తం?"

"మొత్తం."

అప్పుడు చెయ్యి దించారు.